అన్నీ వదిలేసి ఎంబీఏ చేస్తే హ్యాపీగా ఉంటానా మేడమ్?

ఈ ప్రశ్న అడిగింది బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉండే నంద్యాల అమ్మాయి. వయసు 27, అక్కడే బెళ్లందూరులో ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పీజీలో కలిసి ఉన్న స్నేహితురాళ్లిద్దరూ పెళ్లిళ్లయి వెళ్లిపోయారు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఆఫీసులో ఒకబ్బాయి ఇష్టమన్నాడు, తనకూ ఇష్టమే కానీ ఎటూ తేల్చుకోలేకపోతోంది.

అమ్మా, నీ ఉత్తరంలో ఎంబీఏ మాట ఒక్కసారే వచ్చింది, అదీ ఆఖర్లో. మిగతాదంతా ఆదివారం గదిలో ఒక్కదానివే ఎలా గడుపుతున్నావో రాశావు. మరి విసుగు పని మీదా, ఆ ఖాళీ గది మీదా?

ఐఐఎం బెంగళూరులో రెండేళ్ల ఫుల్‌టైమ్ కోర్సు ఫీజే 20 లక్షలు దాటింది, దానికి పోయే రెండేళ్ల జీతం కూడా కలుపుకో. ఒంటరితనం పోగొట్టుకోవడానికి అంత అప్పు నెత్తికెత్తుకోవడం నాకైతే నచ్చలేదు. మేనేజ్‌మెంట్ నిజంగానే చదవాలనుంటే అక్కడే ఉద్యోగస్తుల కోసం పీజీపీఈఎం అని రెండేళ్ల కోర్సుంది, జీతం ఆగదు. ఇక టెస్టింగ్ అంటావా, ఐదేళ్లూ అన్నీ చేత్తో చూసే మాన్యువల్ టెస్టింగ్‌లోనే ఉండిపోతే ఎవరికైనా విసుగే. సెలీనియమో ప్లేరైటో, అలాంటి టూల్ ఒకటి నేర్చుకుని టెస్టింగ్ ఆటోమేషన్‌కి మారు, లేదా ప్రోడక్ట్ టీమ్‌లో ఖాళీ ఉందేమో మీ కంపెనీలోనే కనుక్కో. చేతిలో ఆఫర్ లేకుండా మాత్రం రాజీనామా పెట్టకు.

పెళ్లయిన స్నేహితురాళ్లు ఫోన్ చేయట్లేదని బాధపడ్డావు. కొత్త కోడళ్లకి మునుపటిలా గంటలు గంటలు మాట్లాడే వీలెక్కడిది, నువ్వే చెయ్యి. కొత్త స్నేహాలకి ఆఫీసూ పీజీ దాటి చూడాలి. శనివారం ఉదయం కబ్బన్ పార్కులో చెట్ల కింద కూర్చుని పుస్తకాలు చదువుకునేవాళ్లు బోలెడుమంది, కుందలహళ్లిలో మెట్రో ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. కాస్త కన్నడ కూడా నేర్చుకో తల్లీ, మారతహళ్లిలో అంతా తెలుగే కాబట్టి ఐదేళ్లయినా ‘కన్నడ గొత్తిల్ల’ (కన్నడ రాదు) దగ్గరే ఉండి ఉంటావు.

అబ్బాయి సంగతి. ఇష్టమన్నాడు సరే, పెళ్లయ్యాక ఏ ఊళ్లో ఉంటారు, నీ జీతం ఎవరి చేతిలో ఉంటుంది, వాళ్లింట్లో ఎప్పుడు చెబుతాడు, బిడ్డకి జ్వరమొస్తే సెలవు పెట్టేదెవరు, ఇవేవీ అడిగినట్టు లేవు. ‘పిల్లలు పుట్టాక ఎలాగూ మానేస్తావుగా’ అని మీ అమ్మ అన్నదని రాశావు. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల చొప్పున జీతంతో కూడిన సెలవు ఉంది, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా ఉండాలి. ఈ మాట అమ్మకి చెప్పు, అబ్బాయితోనూ చెప్పి అతను మొహం ఎలా పెడతాడో చూడు.

ఇంట్లో చెప్పడానికి అతనికో గడువు పెట్టు, అది తేలేదాకా సంబంధాలు ఆపమని ముందు అమ్మని అడుగు, నాన్నగారికి తనే చెబుతుంది. ఒక్క విషయం నువ్వు రాయలేదు, అతను నీకు మామూలు కొలీగా, టీమ్ లీడా? లీడ్ అయితే నీ అప్రైజల్ అతని చేతిలో ఉన్నట్టే, ఏ మాటా ఖాయం చేసుకోకముందే మీలో ఒకరు టీమ్ మారాలి.