గంట సగటును నమ్మకు తల్లీ

చిట్టితల్లీ,

మెయిన్‌ఫ్రేమ్ మీద డీబీ2 డేటాబేస్‌కి వచ్చే కనెక్షన్ల గ్రాఫులు పెట్టే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. ఎంత పొంగిపోయానో! వెంటనే బెంగ కూడా పట్టుకుంది. నువ్వు గీసిన గీత చూసే రేపు ఎవరో లిమిట్ పెంచుతారు, ఎవరో ‘అంతా బాగానే ఉంది’ అనేస్తారు.

డీబీ2 లెక్కలు రాసే ఎస్ఎంఎఫ్ 100 (స్టాటిస్టిక్స్), 101 (అకౌంటింగ్) రికార్డులు పడుతున్నాయో లేదో చూసుకో. బయటి కనెక్షన్ల లిమిట్ కాండ్‌బ్యాట్, వాటి పని చేసిపెట్టే థ్రెడ్ల లిమిట్ మ్యాక్స్‌డీబ్యాట్, ఈ రెండు విలువల్నీ గ్రాఫు మీద ఎర్రగీతలుగా పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

కనెక్షన్లనీ థ్రెడ్లనీ మాత్రం ఒకే స్కేలు మీద వెయ్యకు. అప్లికేషన్ సర్వర్లు వేల కనెక్షన్లు తెరిచి ఉంచుతాయి. సీఎంటీస్టాట్ అనే సెట్టింగ్ ఇనాక్టివ్‌లో ఉంటే, కమిట్ (చేసిన మార్పుల్ని ఖాయం చేయడం) కాగానే కనెక్షన్ పక్కకు జరుగుతుంది, దాని డీబ్యాట్, అంటే ఆ థ్రెడ్, పూల్‌లోకి వెళ్తుంది, ఇంకొకరికి పనికొస్తుంది. వేల కనెక్షన్ల పక్కన వందల్లో ఉండే థ్రెడ్ల గీత నేలకి అతుక్కుపోతుంది. అది లిమిట్‌ని తాకినా నీ కంటికి ఆనదు.

నేను పనిచేసిన ఒకచోట గ్రాఫులన్నీ గంట సగటుతో ఉండేవి. థ్రెడ్ల గీత ఎప్పుడు చూసినా లిమిట్‌లో సగం దాటేది కాదు. రోజూ పొద్దున్నే కాసేపు స్క్రీన్లు బిగుసుకుపోయేవి, ఫోన్ల మీద ఫోన్లు. డేటాబేస్ వాళ్లు ఆ గ్రాఫు చూపించి ‘మా తప్పు లేదు, నెట్‌వర్క్ చూసుకోండి’ అనేవారు. పాపం, ఆ నెట్‌వర్క్ కుర్రాళ్లు లేని తప్పు కోసం రాత్రింబవళ్లు వెతికారు. చివరికి కొత్తగా చేరిన ఒకమ్మాయి, సరిగ్గా ఆ వేళకి డీడీఎఫ్ (బయటి కనెక్షన్లని చూసుకునే డీబీ2 భాగం) సంగతి చెప్పే డిస్‌ప్లే డీడీఎఫ్ డీటెయిల్ కమాండ్ కొట్టి క్యూడీబ్యాట్ అనే అంకె చూసింది. మళ్లీ కొట్టింది. అంకె పెరిగింది. థ్రెడ్ల కోసం జనం క్యూ కడుతున్నారన్నమాట!

స్టాటిస్టిక్స్ రికార్డులు నిమిషానికొకటి వస్తూనే ఉన్నాయి, వాటిని గంటకి కుదించింది వాళ్ల రిపోర్టే. నిమిషాల వారీగా గీస్తే, గీత నిటారుగా లేచి లిమిట్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగింది. అలాంటి చదును కనిపిస్తే ప్రశాంతంగా ఉందనుకోకు తల్లీ, అక్కడే భయపడాలి.

అంతటితో ఆగారా? హడావుడిగా మ్యాక్స్‌డీబ్యాట్ పెంచారు. కొన్నాళ్లకి అదీ నిండింది. తీరా చూస్తే ఒక ప్రోగ్రాం విత్ హోల్డ్ కర్సర్‌ని (కమిట్ అయినా తెరిచే ఉండే కర్సర్) మూయకుండానే కమిట్ చేస్తోంది. ఆ థ్రెడ్లు పూల్‌కి తిరిగి రావట్లేదు. ప్రతి థ్రెడ్డూ మెమరీ తింటుంది, ఊరికే పెంచుకుంటూ పోతే ఇంకోచోట దెబ్బ తగులుతుంది. ముందు ఏ అప్లికేషన్ ఎన్ని పట్టుకుందో విడిగా గీయి. కట్టడి చేయాల్సి వస్తే, అప్లికేషన్ల వారీగా లిమిట్లు పెట్టే ప్రొఫైల్ టేబుల్స్‌లో మొదట వార్నింగ్ మాత్రమే పెట్టు. ఎక్సెప్షన్‌తో మొదలుపెట్టి ఎవరి పనీ ఆపకు.

క్యూడీబ్యాట్ డీడీఎఫ్ మొదలైనప్పటి నుంచీ కూడుతూ పోయే లెక్క, అందుకని నిమిషానికి ఎంత పెరిగిందో అదే గీయి. మొదటి గ్రాఫు తయారవగానే నాకు పంపు. నైట్ షిఫ్టుల్లో భోజనం మానేస్తున్నావట, అలా చేస్తే ఊరుకోను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న