ఎక్సెల్ ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, కంట్రోల్ బాణం దగ్గర

"బీకామ్ అయిపోయింది. ఇంటర్వ్యూకి వెళ్లిన ప్రతిచోటా ఎక్సెల్ వచ్చా అని అడుగుతున్నారు. బేసిక్స్, ముఖ్యమైన షార్ట్‌కట్లు ఎన్ని రోజుల్లో నేర్చుకోవచ్చు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఒకరు అడిగారు. నేనూ బీకామే. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఎక్సెల్ మీద పుస్తకం రాసేంత తెలియదు కానీ, ఏది ముందు నేర్చుకోకపోతే ఎంత నష్టం జరుగుతుందో నాకు తెలిసినంతగా చాలామందికి తెలియదని మాత్రం చెప్పగలను.

వాట్సాప్‌లో తిరిగే "100 ఎక్సెల్ షార్ట్‌కట్లు" అనే ఫొటో మీకూ వచ్చే ఉంటుంది. దాన్ని బట్టీ పట్టకండి. మొదటి వారం ఒకే ఒక్కటి పట్టుకోండి: కంట్రోల్ నొక్కి పట్టుకుని బాణం గుర్తు. కింది బాణం నొక్కితే ఆ కాలమ్‌లో డేటా ఆగిన చోటికి, కుడి బాణం నొక్కితే ఆ వరుసలో డేటా ఆగిన చోటికి వెళ్లి నిలబడుతుంది. అందరూ దీన్ని టైమ్ ఆదా అని చెబుతారు. టైమ్ సంగతి తర్వాత. మన కంటికి కనిపించే షీటు వేరు, ఎక్సెల్‌కి కనిపించే షీటు వేరు. ఎక్సెల్‌కి ఏం కనిపిస్తోందో మనకు చూపించేది ఆ బాణమే.

ఇది నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. 2022 మార్చిలో తెలిసింది.

మార్చి అంటే యార్డులో ఊపిరాడని నెల. తెల్లవారకముందే లారీలు, ట్రాక్టర్లు దిగుతాయి. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించడం, ధర తేలడం, కాటా, పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) రాయడం అన్నీ ఒకదాని మీద ఒకటి. రైతులకు డబ్బు ఖాతాల్లో వేయడానికి సాయంత్రం ఒక ఎక్సెల్ ఫైలు తయారుచేసి బ్యాంకుకు పంపుతాం. ఆ రోజు లిస్టులో 187 మంది రైతులు. ఎడమ నుంచి వరుసగా సీరియల్ నంబరు, పేరు, ఊరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ. ఆ తర్వాత టిక్కీలు, తూకం, ధర, ఖర్చులు, నికరం. ఈ రెండు భాగాల మధ్యలో, చూడ్డానికి అందంగా ఉంటుందని ఎప్పుడో ఎవరో ఒక ఖాళీ కాలమ్ పెట్టి, దాన్ని గీతంత సన్నగా కుదించారు. నేను చేరేటప్పటికే అది ఉంది. అది కాలమ్ అని కూడా నాకు అనిపించలేదు, గీత అనుకున్నాను.

షావుకారు గారు "అమ్మాయ్, ఊళ్లవారీగా సర్ది ఇవ్వు, ఫోన్లు చేసి చెప్పడానికి వీలుగా ఉంటుంది" అన్నారు. ఊరు అనే కాలమ్‌లో కర్సర్ పెట్టి సార్ట్ బటన్ నొక్కాను. ఊళ్లన్నీ వరుసలోకి వచ్చాయి. కింద మొత్తం చూశాను, పట్టీల మొత్తంతో రూపాయి తేడా లేకుండా సరిపోయింది. సేవ్ చేసి, ఫైలు పంపి ఇంటికి వెళ్లాను.

మర్నాడు మధ్యాహ్నం వినుకొండ వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశారు. "అమ్మా, నేను తెచ్చింది 18 టిక్కీలే. లక్షా పదిహేను వేల లోపు రావాలి. మూడు లక్షల పైన పడ్డాయి. ఎవరివో నా దాంట్లో వేసినట్టున్నారు, చూసుకోండి" అన్నారు. ఆయన పట్టీ తీసి చూశాను. ఏడున్నర క్వింటాళ్లు, ధర 16 వేలు, లక్షా ఇరవై వేలు, అందులోంచి ఖర్చులు పోవాలి. ఆయన చెప్పిందే నిజం. పక్క పట్టీ చూశాను, అదీ తప్పే. ఆ పక్కదీ తప్పే. అప్పుడు నా చేతులు చల్లబడిపోయాయి.

జరిగింది ఇది. ఎక్సెల్ సార్ట్ చేసేటప్పుడు కర్సర్ ఉన్న చోటు నుంచి నాలుగు వైపులా చూస్తుంది. పూర్తిగా ఖాళీగా ఉన్న కాలమ్ గానీ వరుస గానీ తగిలితే డేటా అక్కడికి అయిపోయిందనుకుంటుంది. ఆ సన్నటి ఖాళీ కాలమ్ దానికి గోడ. గోడకి ఎడమవైపున్న పేర్లు, ఊళ్లు, ఖాతా నంబర్లు కొత్త వరుసలోకి మారాయి. కుడివైపున్న డబ్బు ఎక్కడిది అక్కడే ఉండిపోయింది. అంటే ఒకరి పేరు పక్కన ఇంకొకరి నికరం. హెచ్చరిక ఏమీ రాదు. ఒక్క కాలమ్‌ని మాత్రమే సెలెక్ట్ చేసి సార్ట్ నొక్కితే "పక్కవాటిని కూడా కలపమంటారా" అని అడుగుతుంది గానీ, ఇలాంటప్పుడు అడగదు. అన్నిటికంటే భయంకరమైన విషయం, మొత్తం మారదు. అవే అంకెలు, అదే కూడిక. మొత్తం సరిపోయింది కాబట్టి అంతా సరిగ్గా ఉందని నమ్మే ప్రతి ఒక్కరికీ ఇది చెప్పాలని నా తపన.

సేవ్ చేసి మూసేసిన ఫైలు కాబట్టి, చేసినదాన్ని వెనక్కి తిప్పే కంట్రోల్+జెడ్ పనికి రాలేదు. మా దుకాణంలో పాతికేళ్లుగా ఉన్న పెద్ద గుమస్తా గారిని బాబాయ్ అంటాం. కంప్యూటర్ ముట్టుకోరు. ఆయన లిస్టు చూసి ఒకటే అడిగారు: "ఈ ఒకటి, రెండు, మూడు అంకెలు కూడా కలిసిపోయాయేంటమ్మా? వాటిని మళ్లీ వరుసలో పెట్టలేవా?" సీరియల్ నంబర్లు ఎడమవైపు భాగంలోనే ఉన్నాయి కాబట్టి అవి పేర్లతో పాటే కదిలాయి. సీరియల్ నంబరు మీద సార్ట్ చేయగానే 187 పేర్లూ తమ పాత చోట్లకి తిరిగి వచ్చి వాళ్ల డబ్బు పక్కన కూర్చున్నాయి. ఎవరికి ఎంత రావాలి, ఎంత వెళ్లింది అనేది అప్పటికప్పుడు తేలింది. అందుకే చెబుతున్నాను, మీరు తయారుచేసే ప్రతి షీటులోనూ మొదటి కాలమ్ సీరియల్ నంబరే కావాలి, అది ఫార్ములాతో కాకుండా అంకెగా టైప్ చేసి ఉండాలి.

డబ్బు సర్దుబాటుకి మాత్రం రెండు నెలలు పట్టింది. ఎక్కువ పడ్డవాళ్లలో దాదాపు అందరూ తిరిగి పంపారు, లేదా తర్వాతి లోడులో తగ్గించుకోమన్నారు. తక్కువ పడ్డవాళ్లు పట్టీ చేతపట్టుకుని దుకాణానికి వచ్చారు, వాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఒకాయన ఖాతాలో ఎక్కువ పడిన డబ్బుని పాత పంట రుణం కింద బ్యాంకు జమ వేసుకుంది. ఆయన దగ్గర డబ్బూ లేదు, ఆయన తప్పూ లేదు. ఆ ఒక్కటి తేలడానికే ఆ రెండు నెలలు. షావుకారు గారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మంచితనం ఇప్పటికీ నా మనసులో ఉంది.

ఇప్పుడు కంట్రోల్ బాణం సంగతికి వద్దాం. ఆ సాయంత్రం సార్ట్ చేసే ముందు మొదటి వరుసలో నిలబడి కంట్రోల్+కుడి బాణం ఒక్కసారి నొక్కి ఉంటే, కర్సర్ ఐఎఫ్ఎస్‌సీ దగ్గర ఆగిపోయేది. నికరం దాకా వెళ్లేది కాదు. "ఎందుకు ఆగింది?" అని చూసి ఉంటే గీతలా ఉన్న కాలమ్ దొరికేది. లేదా డేటా మధ్యలో నిలబడి కంట్రోల్+ఎ నొక్కి ఉంటే ఎడమ సగం మాత్రమే రంగు మారేది. ఒకసారి నొక్కితే ఎక్సెల్ తన దృష్టిలో ఒకే ముద్దగా ఉన్న డేటాని చూపిస్తుంది. రెండు సెకన్ల పని. రోజుకి పది నిమిషాలు మిగులుతాయని షార్ట్‌కట్లు నేర్చుకోమంటారు, నేను మాత్రం ఈ రెండు సెకన్ల కోసం నేర్చుకోమంటాను.

కింది బాణం కూడా అంతే. ఏ కాలమ్‌లో నొక్కినా ఒకే వరుస నంబరు దగ్గర ఆగాలి. పై శీర్షిక వరుసతో కలిపి పేరు 188 దగ్గర ఆగి ఖాతా నంబరు 97 దగ్గర ఆగిందంటే 98లో ఎవరిదో ఖాతా రాయలేదన్నమాట. ఖాళీ కాలమ్‌లో నొక్కితే ఒక్కసారిగా 10,48,576వ వరుసకి వెళ్లిపోతారు. షీటులో ఉండే వరుసలు అన్నే. కొత్తవాళ్లు అక్కడ ఫైలు పోయిందని టెన్షన్ పడతారు. కంట్రోల్+హోమ్ నొక్కండి, పైకి వచ్చేస్తారు. డేటా ఎక్కడ అయిపోతుందో చూసుకోవడం చిన్న విషయం అనుకోకండి. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ వాళ్లు పాత ఎక్స్ఎల్ఎస్ రకం ఫైలు వాడారు. అందులో వరుసలు 65,536 మాత్రమే. మిగతావి లోపలికి రాలేదు, 15,841 కరోనా కేసులు లెక్కలోకి రాకుండా ఉండిపోయాయి. అంత పెద్ద దేశంలో అన్ని ఆఫీసులున్నా, చివరి వరుస ఎక్కడుందో సమయానికి ఎవరూ చూడలేదు.

కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల మీద నాకు చాలా కోపం ఉంది. నేను ఫీజు కట్టి నేర్చుకున్న చోట మొదటి వారం అంతా రంగులు, బోర్డర్లు, సెల్స్‌ని (గడుల్ని) కలిపి మర్జ్ చేయడం, అన్నిటినీ సెంటర్‌లో పెట్టడం. సెంటర్‌లో పెట్టడం ఎంత చెడ్డ అలవాటో వాళ్లు ఆలోచించరు. ఎక్సెల్ మామూలుగా అంకెల్ని సెల్‌లో కుడివైపుకి, అక్షరాల్ని ఎడమవైపుకి పెడుతుంది. అంకెలా కనిపిస్తూ ఎడమవైపుకి ఉందంటే అది అక్షరం కింద లెక్క, కూడికలోకి రాదు. తేదీలూ అంతే. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 25/03/2022 అని కొట్టినది తేదీ కాకుండా ఎడమవైపు ఉండిపోతుంది, 03/04/2022 అని కొట్టినది మాత్రం మార్చి 4 అయిపోయి కుడివైపు కూర్చుంటుంది. అడ్వాన్సుల మీద వడ్డీ లెక్క కట్టేవాళ్లకి ఇది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. అన్నిటినీ సెంటర్‌లో పెట్టేస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది. మర్జ్ చేసిన సెల్స్ ఉంటే సార్ట్ మొరాయిస్తుంది. పైన శీర్షిక మధ్యలో కనిపించాలంటే కంట్రోల్+1 నొక్కి, అలైన్‌మెంట్‌లో "సెంటర్ అక్రాస్ సెలెక్షన్" పెట్టండి. చూడ్డానికి అలాగే ఉంటుంది, సెల్స్ మాత్రం విడివిడిగానే ఉంటాయి.

ఆ కంట్రోల్+1 మీకు రెండో వారంలో కావాల్సింది. ఖాతా నంబర్లు టైప్ చేసే ముందే ఆ కాలమ్ మొత్తాన్ని కంట్రోల్+స్పేస్‌తో పట్టుకుని, కంట్రోల్+1 నొక్కి, టెక్స్ట్ అని పెట్టాలి. తర్వాత పెడితే లాభం లేదు. ఎక్సెల్ అంకెల్లో మొదటి 15నే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందు సున్నా ఉన్న నంబరు కొడితే ఆ సున్నా ఎగిరిపోతుంది. ఈ తప్పు జరిగాక అసలు నంబరు ఫైలులో ఎక్కడా ఉండదు, మళ్లీ పాస్‌బుక్ అడగాల్సిందే.

మిగతావి చకచకా చెప్పేస్తాను, ఎందుకంటే ఇవి పని చేస్తూ ఉంటే అవే వస్తాయి. ఆల్ట్, ఈక్వల్ కలిపి నొక్కితే కూడిక ఫార్ములా పడుతుంది. పక్కన క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూడి, ఆ సమాధానాన్ని ఎక్సెల్‌లో టైప్ చేసేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను, దయచేసి మీరు అలా చేయకండి. అయితే మధ్యలో ఖాళీ సెల్ ఉంటే ఆ కూడిక అక్కడిదాకానే పట్టుకుంటుంది, కాబట్టి ఎంటర్ కొట్టే ముందు ఎక్కడినుంచి ఎక్కడిదాకా అని చూడండి. పై సెల్‌లో ఉన్నది కిందకి దింపడానికి కంట్రోల్+డి. ఈ రోజు తేదీ వేయడానికి కంట్రోల్, సెమీకోలన్. కావాల్సిన వరుసలు మాత్రమే చూపించే ఫిల్టర్‌కి కంట్రోల్+షిఫ్ట్+ఎల్. సెల్ లోపలికి వెళ్లి దిద్దడానికి ఎఫ్2. ఫార్ములాని వేరే చోటికి కాపీ చేసినా అందులోని సెల్ మారకుండా పట్టి ఉంచే డాలర్ గుర్తుకి ఎఫ్4. లాప్‌టాప్‌లో ఎఫ్2 నొక్కితే వెలుతురు తగ్గడమో సౌండ్ మారడమో జరిగితే ఎఫ్ఎన్ కీ కలిపి నొక్కండి. మొదట్లో నా కీబోర్డు పాడైందనుకుని రెండు రోజులు ఊరుకున్నాను.

మౌస్ అలవాటు మానుకోవడం కష్టం కదా అంటారు. ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్ పుట్టిందే కీబోర్డు మీద. 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ వచ్చినప్పుడు ఆ కంప్యూటర్‌కి మౌస్ ఉండేదే కాదు. ఒక రోజు పొద్దున్నుంచి మౌస్ తీగ పీకేసి పని చేయండి. మధ్యాహ్నానికి చిరాకు వస్తుంది, నాలుగో రోజుకి వేళ్లకి తెలిసిపోతుంది. నాకు అన్ని రోజులే పట్టింది. వీలుకప్ (ఒక లిస్టులోంచి వెతికి తెచ్చేది), పైవట్ (లెక్కల్ని గుంపులవారీగా కూడి చూపించేది) లాంటివి ఉద్యోగంలో చేరాక, అవసరం పడ్డ రోజున నేర్చుకోండి.

ఫోన్‌లో మాత్రం నేర్చుకోవద్దు, అందులో ఈ కీలు ఉండవు. పాత కంప్యూటర్ దొరికినా చాలు, మీ ఇంటి ఖర్చులు గానీ, మీ నాన్నగారి పొలం లెక్కలు గానీ నిజమైన అంకెలు తీసుకుని మొదలుపెట్టండి. ఎవరో ఇచ్చిన ఉత్తుత్తి లిస్టులో తప్పు జరిగితే గుండె ఝల్లుమనదు, అందుకే అది గుర్తుండదు.

మా దుకాణంలో ఇప్పుడు ఆ సన్నటి కాలమ్ లేదు. డేటా మొత్తాన్ని కంట్రోల్+టి కొట్టి టేబుల్‌గా మార్చాను, ఏది సార్ట్ చేసినా వరుసలన్నీ కలిసే కదులుతాయి. అయినా ఫైలు బ్యాంకుకు వెళ్లే ముందు బాబాయ్ తన పట్టీల కట్టతో నా పక్కన కుర్చీ వేసుకుంటారు. నేను కంట్రోల్+హోమ్, కంట్రోల్+కుడి, కంట్రోల్+కింద నొక్కి ఆగిన వరుస నంబరు చెబుతాను. ఆయన మధ్యలోంచి ఏవో ఐదు పట్టీలు లాగి పేరు, నికరం చదువుతారు. ఐదూ కలిశాకే పంపు అంటారు.