మీరు కంప్యూటర్‌కు ఎలా అలవాటు పడ్డారు? అప్పటి జ్ఞాపకాలు చెబుతారా?

1989లో నారాయణగూడలో ఒక శిక్షణ కేంద్రంలో మొదలుపెట్టాను. ఏసీ గది, చెప్పులు బయటే విడవాలి. ఆ మెషీన్లకు హార్డ్ డిస్క్ లేదు. మెషీన్‌ను నడిపే డాస్ ఫ్లాపీ పెట్టి ఆన్ చేసి, తర్వాత దాన్ని తీసి టైపింగ్ కోసం వర్డ్‌స్టార్ ఫ్లాపీ పెట్టేవాళ్లం. ఆ తర్వాత విండోస్ 95, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న సొంత మెషీన్. ఇదంతా మా వయసు వాళ్లందరికీ తెలిసిందే.

నాకు గుర్తుండిపోయింది మాత్రం బాపు, అంటే మా నాన్న, చెప్పిన మాటల ఫైలు.

1999లో జనగామ వైపు మా ఊరి వ్యవసాయం మాటలు బాపు చెబుతుంటే నేను టైప్ చేశాను. రాత్రి తిన్నాక నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "ఒత్తు పడలేదు, చూడురా" అని తెర మీద వేలు పెట్టేవాడు. 40 పేజీలయ్యాయి. 34 ప్రింట్ తీసి అక్కకు పంపాను. మిగతా ఆరు తర్వాత తీద్దామనుకున్నాను. 2004లో బాపు పోయాడు.

2009లో కొత్త కంప్యూటర్‌లో ఆ ఫైలున్న సీడీ పెడితే ఒక్క తెలుగు అక్షరం రాలేదు. అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు. అప్పటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తలకట్లు, ఒత్తులు దాచేవి. ఒక్కో ఫాంటుది ఒక్కో అమరిక. పాత ఫాంట్లను మార్చే ఏ కన్వర్టర్‌కూ మాది లొంగలేదు. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది, విండోస్ ఎక్స్‌పీ 2001లోనే తెలుగు చూపించింది. అయినా ఈ రోజుకీ కొన్ని డీటీపీ సెంటర్లు పాత ఫాంట్లలోనే ఫైళ్లు ఇస్తున్నాయి. వెతికితే దొరకని తెలుగు అది. చాలా కోపం వస్తుంది నాకు.

అక్క దగ్గరి ప్రింట్ తెప్పించి ఫైలు పక్కన పెట్టుకున్నాను. 'నాగలి' ఉన్న ప్రతి చోటా ఫైల్లో అవే గుర్తులు. అలా ఒక్కో గుర్తుకు ఒక్కో ముక్క రాసుకుంటూ నోట్‌బుక్‌లో పట్టిక తయారుచేశాను. రెండు నెలల రాత్రులు పట్టింది. ప్రింట్ లేని ఆరు పేజీల్లో మొదట చదవగలిగిన మాట 'మేడి', అంటే నాగలి పిడి. తర్వాత కర్రు, కాడి, పలుపు. అక్కకు ఫోన్ చేసి ఆ ఆరు పేజీలూ చదివి వినిపించాను. మధ్యలో ఒక చోట "ఆగు, మళ్లీ చదువు, అది బాపు గొంతే" అంది.