టగ్గు బాధ్యత చేపట్టబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న తరువాత మన టగ్గు (సరుకు పడవలను ఓడల దాకా లాగే ఇంజను పడవ) వ్యవహారం నీవే చూసుకుంటానని రాశావు, సంతోషం. లెక్కల సంగతి ముందుగా అడిగావు కాని అది రెండు మాటల్లో తేలిపోతుంది. ఇంజను మరమ్మతుకూ, టగ్గును ఒడ్డెక్కించి అడుగుభాగం గీకించి రంగు వేయించడానికీ, బీమాకూ సొమ్ము తీసి పక్కన పెట్టిన తరువాత మిగిలినదే అన్నదమ్ముల వాటా. బియ్యం ఎగుమతి జోరుగా సాగిన ఏడాది రాబడిని నమ్ముకుని ఇంటి ఖర్చులు పెంచుకోవద్దు. 2023 జూలైలో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించి 2024 సెప్టెంబరులో గాని ఎత్తివేయలేదన్నది నీవు చూసినదే.

నీవు అడగనిది, నేను చెప్పవలసినది మోకు గురించి, అంటే టగ్గుకు బార్జీని కట్టి లాగే లావుపాటి తాడు గురించి. బార్జీ అనే ఆ సరుకు పడవకు బ్రేకులు లేవు. బియ్యం బస్తాలతో నిండిన బార్జీని కాకినాడ కాలువ నుంచి లంగరులో ఉన్న ఓడ దాకా లాక్కుపోతున్నప్పుడు టగ్గు ఇంజను హఠాత్తుగా ఆగినా, టగ్గు నడిపే సరంగు వేగం తగ్గించి ఒక్కసారిగా మలుపు తిప్పినా, బార్జీ మాత్రం తన ఊపులో తాను ముందుకు వస్తూనే ఉంటుంది. అప్పుడు వెనుక ఉండవలసిన మోకు పక్కకు వచ్చి, టగ్గును అడ్డంగా లాగి, క్షణాల్లో బోల్తా కొట్టిస్తుంది. టగ్గు చక్కగా తిరగడానికని లాగుడు హుక్కును చివరన కాక నడుమకు దగ్గరగా అమరుస్తారు. ప్రమాదం వచ్చేదీ ఆ అమరికలోనే. అందుకే మోకు బిగిసి బరువు మీద ఉన్నప్పుడు కూడా మోకును వెంటనే వదిలేయగల హుక్కు ఉండాలి. అది తనంతట తాను ఊడిపోతోందని కొందరు కళాసీలు (టగ్గు మీది పనివాళ్లు) తీగతో కట్టేస్తారు. అటువంటి తీగ కనిపిస్తే ఆ రోజు ప్రయాణం ఆపించు. లాగుతున్నంత సేపూ ఇంజను గది తలుపు ఎంత ఉక్కపోతగా ఉన్నా మూసే ఉండాలి, ఎందుకంటే టగ్గు ఒరిగినప్పుడు నీరు లోపలికి చొరబడేది ఆ దారినే. నైలాను మోకు సాగి సాగి తెగితే ఎటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు కనుక, దాని వరుసలో ఎవరినీ నిలబడనీయవద్దు.

మన కాకినాడ అఖాతానికి తూర్పున హోప్ ఐలాండ్ అడ్డుగా ఉన్నా ఉత్తరపు ముఖం తెరుచుకునే ఉంటుంది. ఈశాన్య గాలి పట్టిన రోజుల్లో ఓడ పక్కన బార్జీని కట్టడం ఎంత కష్టమో ఒడ్డున ఉన్నవారికి తెలియదు. తీరంలో కూర్చున్న యజమాని సరంగుకు ఫోను చేసి తొందరపెట్టడం కంటే పెద్ద తప్పు ఈ వ్యాపారంలో లేదని నా అభిప్రాయం. ఓడకు డెమరేజి (ఆలస్యపు రుసుము) పడుతుందని ఏజెంటు నీకు ఎన్నిసార్లయినా ఫోను చేస్తాడు; ఆ ఒత్తిడి నీ దగ్గరే ఆగిపోవాలి గాని సరంగు చెవిన పడకూడదు. రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగిరితే, అంటే ఈదురుగాలులు రేవుకే రావచ్చని హెచ్చరిక వస్తే, వాదన అక్కరలేదు, టగ్గు కాలువలోనే ఉండాలి. సూచిక లేని రోజున కూడా సరంగు వద్దంటే వద్దే. అతను జీతగాడూ, నీవు యజమాని కొడుకువూ అన్నది కాలువ దాటాక చెల్లదు. (మీ తాతగారు ఈ విషయంలో నాతో ఏకీభవించేవారు కాదు, ఆయన కాలపు సరంగులు వేరు.)

ముందు కొన్ని నెలలు ఆఫీసు గదిలో కూర్చోకుండా కళాసీగా మోకు పట్టు. చుట్టడం, బొల్లార్డుకు (మోకు కట్టే దిమ్మకు) తిప్పడం, అరిగిన పోగును చేత్తో తడిమి గుర్తుపట్టడం వచ్చిన తరువాతే కొత్త మోకు కొనమని అడిగిన మనిషిని ప్రశ్నించే అర్హత నీకు వస్తుంది. వచ్చే వారం టగ్గు ఖాళీగా ఉన్న రోజు చూసి, మోకు బిగించి, హుక్కు బరువు మీద ఊడుతున్నదో లేదో సరంగు ఎదుటనే పరీక్షించి నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న