బీఈడీ ఫైనల్ లెసన్‌కి ఇంటర్న్‌షిప్‌లోనే ఎలా ప్రాక్టీస్ చేయాలి?

మీరు అడిగింది: బీఈడీ రెండో ఏడాది, అనంతపురం దగ్గర జెడ్పీ హైస్కూల్లో ఇంటర్న్‌షిప్, ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) ముందు చెప్పాల్సిన ఫైనల్ లెసన్ తలుచుకుంటేనే టెన్షన్, రోజూ అద్దం ముందు చెప్పుకుంటున్నాను, సరిపోతుందా అని. సరిపోదండీ. అద్దం ముందు మాట తడబడకుండా వస్తుందేమో గానీ, మధ్యలో ఒక పిల్లాడు లేచి ఏదైనా అడిగితే ఏం చేయాలో దాంతో రాదు.

నేను కూడేరు వైపు ఒక ఊళ్లో చేశాను, నా మెథడాలజీ (బోధించే సబ్జెక్టు) బయాలజీ. మొదటి నెలంతా చార్టులు గీయడానికే పోయింది. టీఎల్ఎంకి (చార్టుల్లాంటి బోధన సామగ్రికి) మార్కులుంటాయి కాబట్టి గీయాల్సిందే, కానీ ప్రాక్టీస్ అంటే అదే అనుకున్నాను. అప్పుడే అమెరికాలో ఉండే మా పెదనాన్న కూతురు ఫోన్ చేసింది. అక్కడ టీచర్ లైసెన్స్ కోసం తను ఎడ్‌టీపీఏ అనే పరీక్ష రాసిందట, వరుసగా 3 నుంచి 5 పాఠాలకు ప్లాన్ రాసి, క్లాసు వీడియో తీసి, పిల్లలు రాసినవి చూసి ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో వివరంగా రాసి పంపాలట. "నీ క్లాసు నువ్వొకసారి వీడియోలో చూసుకోవే" అంది.

హెచ్ఎం గారిని అడిగి, వెనక బెంచీ మీద ఒక బ్యాగుకి ఫోన్ ఆనించి పెట్టాను. ఎనిమిదో తరగతి ఎ సెక్షన్, పప్పుజాతి మొక్కల వేర్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బ్యాక్టీరియా గురించి పాఠం. పిల్లలే చేనుకాడి నుంచి శెనక్కాయ చెట్లు వేర్లతో సహా పీక్కొచ్చారు. పాఠం బాగా జరిగిందనే అనుకున్నాను. రాత్రి వీడియో చూస్తే, మూడో బెంచీలో ఒక అమ్మాయి వేరు మీది బుడిపెను గోటితో చీల్చి "మేడం, లోపల ఎర్రగుంది" అని రెండుసార్లు అంటోంది, నేనేమో చార్టు తగిలించుకుంటూ "ఆఁ, చూద్దాం చూద్దాం" అని వెళ్లిపోయాను. ఆ అమ్మాయి బుడిపెను కాసేపు వేళ్ల మధ్య నలిపి కింద పడేసింది. క్లాసులో ఆ మాట నాకు వినిపించనే లేదు. ఆ రాత్రి చాలా బాధేసింది.

మర్నాడు అదే పాఠం బి సెక్షన్‌లో, చార్టు బయటికి తీయకుండా, అందరి చేతా బుడిపెలు చీల్పించి మొదలుపెట్టాను. ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్ వల్ల వస్తుంది, మన రక్తంలో హీమోగ్లోబిన్‌కి దగ్గరి చుట్టం అనేసరికి క్లాసు మొత్తం ముందుకు వంగింది. తర్వాత ఎ సెక్షన్‌కి వెళ్లి ఆ అమ్మాయి చేతే అందరికీ చూపించాను.

మైక్రో టీచింగ్‌లో (చిన్న పాఠం చెప్పి, లోపాలు సరిదిద్దుకుని మళ్లీ చెప్పే ప్రాక్టీస్‌లో) మనం చేసిందీ ఇదే కదా: 6 నిమిషాలు చెప్పడం, 6 ఫీడ్‌బ్యాక్, 12 రీప్లాన్, మళ్లీ 6 చెప్పడం, 6 ఫీడ్‌బ్యాక్, మొత్తం 36. అందులో మిగతా ఏ ఒక్క దశకన్నా ఎక్కువ టైమ్ రీప్లాన్‌కే ఇచ్చారు, మనమేమో రికార్డు రాసేసి దాన్ని మర్చిపోతాం. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాలు, మీ స్కూల్లో రెండు సెక్షన్లుంటే ఒకే పాఠాన్ని ఒక రోజు తేడాతో రెండుసార్లు చెప్పండి, మధ్యలో వీడియో చూసి ప్లాన్‌లో ఏం మార్చారో ఎర్ర ఇంకుతో రాసుకోండి. ఒకటే సెక్షన్ ఉంటే తోటి ట్రైనీని వెనక కూర్చోబెట్టి పిల్లల మాటలు మాత్రమే రాయమనండి, మీ గురించి ఏమీ వద్దు.

వీడియో మీ ఫోన్‌లోనే ఉండాలి, పిల్లల ముఖాలు వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు, చూశాక తీసేయండి.

మా ఎక్స్‌టర్నల్ గారు పావుగంటే కూర్చున్నారు, అదీ పాఠం మధ్యలో వచ్చి. పాఠం మొదట్లో చెప్పే ప్రేరణ బట్టీ పట్టినవాళ్లకు అక్కడ కష్టమైంది. మీ మెథడాలజీ ఏదో రాయండి, బయాలజీ అయితే నా పీరియడ్ ప్లాన్లు ఇంకా ఉన్నాయి, ఫొటోలు తీసి పెడతాను.