మొద్దుబారిన గుండెకు అడ్డుకునే మందు ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి గుండె బలహీనపడిందని డాక్టరు గారు తక్కువ మోతాదులో బీటా బ్లాకరు మొదలుపెట్టారు. ఒత్తిడి హార్మోన్లు ఎక్కువకాలం తాకుతూ ఉంటే గుండెలోని గ్రాహకాలు (హార్మోను సందేశాన్ని అందుకునే ప్రొటీన్లు) స్పందించడం తగ్గిస్తాయని చదివాను. స్పందన అప్పటికే తగ్గిన గుండెకు, దాన్ని మరింత అడ్డుకునే మందు ఇవ్వడం ఏమిటి?

జవాబు: మీరు అడిగినదే ఒకప్పుడు వైద్యులూ అడిగారు. ఆ కారణంగానే బలహీనపడిన గుండెకు ఈ మందులు ఇవ్వకూడదని చాలాకాలం నమ్మారు.

ఒత్తిడి హార్మోను అనగానే చాలామందికి కార్టిజోల్ గుర్తుకొస్తుంది కానీ, ఇక్కడ ముఖ్యమైనవి అడ్రినలిన్, నార్ అడ్రినలిన్. మొదటిది అడ్రినల్ గ్రంథుల నుంచి రక్తంలోకి వస్తుంది. రెండోది ఎక్కువగా గుండెలోనే ఉన్న నాడుల కొసల నుంచి విడుదలవుతుంది. ఇవి గుండె కణాలపై ఉండే బీటా గ్రాహకాలకు అతుక్కున్నప్పుడు కణంలోకి కాల్షియం ఎక్కువగా చేరి, గుండె వేగంగానూ బలంగానూ కొట్టుకుంటుంది. ఆరోగ్యవంతుల గుండె జఠరికలలోని (కింది గదులలోని) బీటా గ్రాహకాలలో సుమారు ముప్పావు వంతు బీటా-1 రకానివి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం బీటా-2 రకానివి.

హార్మోను తాకిడి ఆగకుండా కొనసాగితే కణం దశలవారీగా తలుపులు మూసుకుంటుంది. కొద్ది నిమిషాల్లోనే జీఆర్‌కే2 అనే ఎంజైము గ్రాహకానికి ఫాస్ఫేటును తగిలిస్తుంది. ఆపై అరెస్టిన్ అనే ప్రొటీను వచ్చి దానికి అడ్డంగా నిలుస్తుంది. గ్రాహకం ఉపరితలం మీదే ఉంటుంది, హార్మోనూ అతుక్కుంటుంది, కానీ సందేశం లోపలికి చేరదు. తరువాత కణం ఆ గ్రాహకాన్ని లోపలికి లాక్కుంటుంది. తాకిడి తగ్గితే అది తిరిగి పైకి వస్తుంది, తగ్గకపోతే కొన్ని గంటల్లో, రోజుల్లో ధ్వంసమవుతుంది. కొత్త గ్రాహకాల తయారీ కూడా మందగిస్తుంది. గుండె మార్పిడి సమయంలో తొలగించిన బలహీన గుండెలను పరిశీలించిన మైఖేల్ బ్రిస్టో బృందం, వాటిలో బీటా గ్రాహకాల సాంద్రత దాదాపు సగానికి పడిపోయిందని 1982లో ప్రకటించింది. తగ్గినవి ప్రధానంగా బీటా-1 గ్రాహకాలేనని తరువాత తేలింది. ఇదంతా గుండె వైఫల్యంలో కనిపించే చిత్రం. రోజువారీ పని ఒత్తిడితో అందరి గుండెల్లోనూ ఇంతే జరుగుతుందని దీన్నిబట్టి అనుకోకూడదు.

ఈ మొద్దుబారడం గుండె చేసుకునే ఆత్మరక్షణే అని నా అభిప్రాయం, అయితే అది అరకొర రక్షణ. నార్ అడ్రినలిన్ మితిమీరితే కాల్షియం పోటెత్తి గుండె కణాలే చనిపోతాయి కనుక స్పందన తగ్గడం కొంత మేలే. బీటా-1 గ్రాహకాలు అధికంగా ఉండేలా మార్పు చేసిన ఎలుకల గుండెలు మొదట చురుకుగా పనిచేసి, కొంతకాలానికి విఫలమయ్యాయి. కానీ స్పందన తగ్గిన గుండె మెట్లెక్కేటప్పుడు అవసరమైనంత వేగం పుంజుకోలేకపోతుంది. ఆ లోటు పూడ్చడానికి శరీరం హార్మోనును ఇంకా ఎక్కువగా వదులుతుంది. మిగిలిన గ్రాహకాల ద్వారా హాని సాగుతూనే ఉంటుంది.

బీటా బ్లాకరు హార్మోను ఆ గ్రాహకాలకు అతుక్కోకుండా అడ్డుపడి ఈ చక్రాన్ని తెంపుతుంది. స్వీడన్‌లో ఫిన్ వాగ్‌స్టైన్ బృందం 1975లో కొద్దిమంది రోగుల్లో మెరుగుదలను నివేదించినా చాలామంది నమ్మలేదు. బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్లపై 1999లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాల్లోనూ మరణాలు 34 శాతం తగ్గాయి. మెటోప్రొలాల్ వాడినవారిలో గ్రాహకాల సంఖ్య పెరిగింది. కార్వెడిలాల్ అనే మరో బీటా బ్లాకరుతో అలా పెరగకపోయినా మేలు కనిపించింది. కాబట్టి గ్రాహకాలు తిరిగి పెరగడం ఒక్కటే ఈ మేలుకు కారణం కాదు; హార్మోను తాకిడి నుంచి కణాలకు దొరికే విశ్రాంతికీ పెద్ద పాత్ర ఉంది.

గుండె అప్పటివరకు హార్మోను ఆసరాతోనే నెట్టుకొస్తుంటుంది కనుక మోతాదును తక్కువతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచుతారు. మొదట్లో నీరసం పెరగవచ్చు. గుండె బలం పుంజుకోవడానికి నెలలు పడుతుంది. ఆయాసం ఎక్కువైనా, కాళ్లు వాచినా, బరువు త్వరగా పెరిగినా, కళ్లు తిరిగినా వెంటనే డాక్టరు గారికి చెప్పండి. అయితే మందును మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా ఆపవద్దు: వాడుతున్న కాలంలో గ్రాహకాలు పెరిగి ఉంటే, మందు అడ్డు తొలగగానే హార్మోను వాటన్నింటినీ ఒక్కసారిగా తాకి, నాడి వేగం పెరగడం, ఛాతీనొప్పి, కొందరిలో గుండెపోటు కూడా సంభవించవచ్చు.