డీవీడీ ఉండగా అదే సినిమా బ్లూ-రే మళ్ళీ కొనాలా?

పాత సినిమాల డీవీడీలు ఇంట్లో ఉండగా, రీస్టోర్ చేశామంటూ (పాడైన ఫిల్మును బాగుచేశామంటూ) వచ్చే కొత్త ఎడిషన్లు కొనడం దండగ కాదా అని అడిగారు. చాలా ఏళ్ళుగా డిస్కులు కొంటున్నాను. కొన్నిసార్లు డబ్బు పోయింది. ఒక్కసారి మాత్రం, ఇన్నాళ్ళూ ఈ సినిమాని నేను అసలు చూడనేలేదు అనిపించింది. ముందు దాని గురించి చెబుతాను.

సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955) చాలాకాలం నా దగ్గర డీవీడీలోనే ఉండేది. అపూ, దుర్గ రైలు చూడ్డానికి రెల్లు పొదల్లో నడిచే చోట తెరంతా సున్నం పులిమినట్టు ఒకటే తెలుపు. స్తంభానికి చెవి ఆనించి వాళ్ళు వినే తీగల హోరు గరగరలో కలిసిపోయేది. పాత సినిమా కదా, అంతేలే అనుకునేవాణ్ణి. 2015లో క్రైటీరియన్ అనే అమెరికా డిస్కుల కంపెనీ వాళ్ళు అపూ కథతో రాయ్ తీసిన మూడు సినిమాలనీ ('పథేర్ పాంచాలి', 'అపరాజితో', 'అపూర్ సంసార్') బ్లూ-రేలో, అంటే డీవీడీ కన్నా స్పష్టంగా బొమ్మ చూపే డిస్కుల్లో తెచ్చారు. అమెరికా నుంచి వస్తూ మా అన్నయ్య కొడుకు ఆ సెట్టు పట్టుకొచ్చాడు. నేరుగా అదే సీన్ పెట్టాను. రెల్లుపూలు దేనికది విడివిడిగా ఊగుతున్నాయి. తీగల హోరు వింటుంటే ఒళ్ళు జలదరించింది.

ఈ సినిమాల నెగెటివ్‌లు (కెమెరాలో తీసిన అసలు ఫిల్ములు) 1993లో లండన్‌లోని ఒక ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన ముక్కల్ని ఆస్కార్ అకాడమీ ఆర్కైవ్ ఇరవై ఏళ్ళు దాచి ఉంచింది. ఆ తర్వాత ఇటలీలోని బొలోన్యాలో, పెళుసెక్కిన ఆ ఫిల్మును మళ్ళీ మెత్తబరిచి, చిరిగినచోటల్లా చేత్తో అతికించి స్కాన్ చేశారు. 'పథేర్ పాంచాలి'లో 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతం పైగా అసలు నెగెటివ్ నుంచే వచ్చింది. 'అపూర్ సంసార్' నెగెటివ్ మాత్రం పనికిరాకపోవడంతో వేరే కాపీల నుంచి చేశారు. ఇంత కష్టపడి బతికించిన సినిమాకి మళ్ళీ డబ్బు పెట్టడం దండగ అని నేననుకోను.

ఇక డబ్బు పోయిన సంగతి. 'డిజిటల్లీ రీమాస్టర్డ్' అని అట్ట మీద మెరిసే స్టిక్కర్ చూసి ఒక పాత తెలుగు సినిమా రెండోసారి కొన్నాను. రీల్ మారేచోట పాత డిస్కులో ఒక నిలువు గీత ఉండేది. కొత్తదాంట్లోనూ సరిగ్గా అక్కడే, అదే గీత! అంటే పాత టేపునే మళ్ళీ ఎక్కించారన్నమాట. పైగా వెడల్పు టీవీ నిండాలని బొమ్మని పైనా కిందా కోసేశారు. నాట్యం సీన్లో పాదాలే కనబడవు. గజ్జెల చప్పుడు వినిపిస్తుంది, అడుగులు మాత్రం లేవు. చాలా బాధేసింది.

అందుకే ఇప్పుడు అట్ట వెనక చిన్న అక్షరాలు చదవకుండా కొనను. దేని నుంచి స్కాన్ చేశారో రాసి ఉండాలి. నిడివి పాతదానితో సరిపోవాలి. 1950ల నాటి మన సినిమా అయితే, అప్పటి బొమ్మ చాలావరకు చదరానికి దగ్గరగా ఉండేది కాబట్టి, వెడల్పు టీవీకి రెండు పక్కలా నల్లపట్టీలు రావాలి. అవి లేకపోతే బొమ్మని కోశారనో సాగదీశారనో అనుమానించాల్సిందే. ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్ము మీద సహజంగా కనబడే సన్నని రేణువులు) పూర్తిగా తుడిచేసినా నాకు నచ్చదు, ముఖాలు మైనం బొమ్మల్లా అయిపోతాయి.

కొత్తది వచ్చింది కదా అని పాతది పారేయకండి. 'మాయాబజార్' రంగుల్లో 2010లో థియేటర్లకు వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్ళాం, సంతోషంగానే చూశాం. కానీ అందులో కొన్ని పాటలు, చాలా పద్యాలు లేవు. ఆ సినిమాకి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల చూడాలంటే ఇప్పటికీ నలుపు తెలుపు డిస్కే పెట్టుకుంటాను.

మీ దగ్గర ఉన్నది డీవీడీ అయితే, మంచి స్కాన్ నుంచి వచ్చిన బ్లూ-రేకి మారండి, తేడా కళ్ళకు కడుతుంది. అదే స్కాన్‌తో బ్లూ-రే ముందే ఉంటే మామూలు సైజు టీవీకి 4కే (బ్లూ-రే కన్నా ఎక్కువ స్పష్టత ఉన్న డిస్కు) అక్కర్లేదు. ఆర్డర్ పెట్టేముందు మీ ప్లేయర్ రీజియన్ (ఏ దేశాల డిస్కులు ఆడుతుందో చెప్పే గుర్తు) చూసుకోండి. మనది రీజియన్ సీ, అమెరికాలో వచ్చే క్రైటీరియన్ బ్లూ-రేలు రీజియన్ ఏ. ఈ సంగతి తెలియక మొదటిరోజు డిస్కు చేత్తో పట్టుకుని కూర్చున్నాను, అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ దొరికేదాకా ఆగాల్సి వచ్చింది.